పరనాల్ కొండ కింది పట్టాలు

చిలీలోని అటకామా ఎడారిలో, 2,635 మీటర్ల ఎత్తున్న పరనాల్ కొండ మీద నాలుగు పెద్ద టెలిస్కోపులున్నాయి. ఒక్కోదాని అద్దం అడ్డకొలత 8.2 మీటర్లు. ఫొటోలకెక్కేది అవే. అసలు పనితనం మాత్రం కొండ కింది సొరంగంలో ఉంది. అక్కడ అద్దాలు మోసుకుంటూ బండ్లు పట్టాల మీద నడుస్తుంటాయి.

అద్దం ఎంత వెడల్పయితే అంత సన్నని వివరం కనబడుతుంది. 130 మీటర్ల అద్దం చేయడం ఎవరి తరమూ కాదు. అంత ఎడంలో ఉన్న రెండు టెలిస్కోపుల వెలుగును ఒకచోట కలిపితే ఆ సూక్ష్మత దక్కుతుంది. పోగయ్యే వెలుగు మాత్రం ఆ రెండద్దాలదే. ఆలోచన పాతదే. 1920 డిసెంబరులో మైకెల్సన్, పీస్‌లు మౌంట్ విల్సన్ టెలిస్కోపు నెత్తిన 20 అడుగుల దూలం బిగించి ఆర్ద్రా నక్షత్రం వ్యాసం కొలిచారు.

ఒకే దూలం మీద అద్దాలు అమర్చడం వేరు, విడివిడి టెలిస్కోపులను కలపడం వేరు. నక్షత్రం ఓ పక్కకు వాలి ఉంటే దాని వెలుగు ఒకదానికి ముందు, ఇంకోదానికి వెనక చేరుతుంది. భూమి తిరిగేకొద్దీ ఆ తేడా మారిపోతుంది. ముందొచ్చిన వెలుగును సొరంగంలో అంత దూరం అదనంగా తిప్పి తేవాలి. అందుకే నక్షత్రాన్ని చూస్తున్నంతసేపూ బండి కదులుతూనే ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు తేడా వచ్చినా లెక్క చెడుతుంది. దారులు సమమైతేనే, రెండు వెలుగులూ కలిసినచోట చీకటివెలుగుల వ్యతికరణ పట్టీలు కనబడేది.

2001 అక్టోబరు 30న, అర్ధరాత్రి దాటాక, 102 మీటర్ల ఎడంలో ఉన్న అంతు, మెలిపాల్ అనే పెద్ద టెలిస్కోపులు అకెర్నార్ మీద ఆ పట్టీలు పట్టాయి. డిసెంబరు రాత్రుల్లో మనకూ దక్షిణాన తక్కువ ఎత్తులో కనబడే నక్షత్రమే అది. గిర్రున తిరుగుతూ అది నడుము దగ్గర ఉబ్బిపోయిందని 2003లో తేలింది. విశేషమేమిటంటే, ఆ సంగతి బయటపెట్టింది అదే కొండ మీది చిన్న అద్దాలు.

పెద్దవాటితో ఇబ్బందులు తప్పలేదు. వాటి అదురుకే పట్టీలు చెదిరేవి. చివరికి అద్దాలకు అదురును పసిగట్టే పరికరాలు తగిలించి, దాన్ని ఎప్పటికప్పుడు సవరించాల్సి వచ్చింది.

నాలుగింటి వెలుగునూ కలిపే ‘గ్రావిటీ’ పరికరం 2016లో పని మొదలుపెట్టింది. 2018 మేలో ఎస్2 అనే నక్షత్రం గంటకు రెండున్నర కోట్ల కిలోమీటర్లకు పైగా వేగంతో, పాలపుంత నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం పక్కగా దూసుకుపోయింది. 26,000 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ నక్షత్రం ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య ఎంత కదిలిందో గ్రావిటీ పట్టేసింది. దానికి వర్ణపటం కొలతలు తోడయ్యాక, ఐన్‌స్టైన్ సిద్ధాంతం చెప్పినట్టే గురుత్వం వల్ల ఎస్2 కాంతి ఎరుపు వైపు జరిగిందని తేలింది.