హైవే దిగితేనే సముద్రం

నెల్లూరు వైపు సముద్రం చూడాలని వచ్చే చుట్టాలకు నేను ముందే ఒక మాట చెప్పేస్తాను. సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఊళ్లకు ఊళ్లు దాటించే రోడ్డు ఇక్కడ దొరకదు. చెన్నై–కోల్‌కతా హైవే తీరానికి ఎడంగా పోతుంది. దాని మీంచి తూర్పుకు ఒక్కో రోడ్డు చీలి, ఒక్కో రేవు దగ్గర ఆగిపోతుంది, దువ్వెన పళ్ల మాదిరి. ఒక పంటి కొస నుంచి ఇంకోదాని కొసకు పోవాలంటే మళ్లీ వెనక్కి రావాల్సిందే. మా వదిన ఆ మధ్య ఫ్రాన్స్‌లో నీస్, కాన్ చూసొచ్చిన ఊపులో ఉంది. "ఏంది మే, సముద్రానికి పోయినట్టే పోయి మళ్లీ నెల్లూరికే వస్తా ఉండాం" అని మొదటి పూటే సణుగుడు మొదలుపెట్టింది.

ఆమె తప్పేం లేదు. అక్కడ ఆల్ప్స్ కొండల కొసలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. కొండ వాలున రోడ్డు, దాని కింద రైలు పట్టాలు, వాటి కింద నీళ్లు. కారు అద్దం దించితే చాలు, చూడాల్సిందంతా కంటికి తగుల్తుంది. మన తీరం పెన్న, స్వర్ణముఖి తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. ఎత్తన్నదే లేదు. హైవే దిగాక వరి పొలాలు, రొయ్యల గుంటలు, ఉప్పు మడులు, బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోపులు, చిట్టచివర ఇసుక దిబ్బ. ఆ దిబ్బ ఎక్కేదాకా సముద్రం కనపడదు. సోషల్ టీచరుగా పిల్లలకు మ్యాపులో ఈ తీరం గుర్తు పెట్టడం నేర్పినదాన్ని కాబట్టి చెప్తున్నాను, అసలు సరుకంతా ఆ మధ్యలోనే ఉంది.

నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే మైపాడు. దారిలో కాస్త పక్కకు తిరిగితే పెన్న ఒడ్డున పల్లిపాడు. అక్కడి పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. తర్వాత నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది కూడా ఆవిడే. చెట్ల కింద కాసేపు కూర్చోవచ్చు, టికెట్టు లేదు, గైడు లేడు.

ఇందుకూరుపేట దాటాక రెండు పక్కలా రొయ్యల గుంటలు. నీళ్లు చిమ్ముతూ తిరిగే ఆ చక్రాలను ఏరియేటర్లంటారు. గుంటలో రొయ్య పిల్లల్ని కిక్కిరిసేలా వదులుతారు. పగలు నీళ్లలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది, చీకటి పడ్డాక ఆ నాచే దాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున రొయ్యకు ఊపిరాడదు. కరెంటు పోయి జనరేటరు మొండికేస్తే తెల్లారేసరికి పంటంతా నీళ్ల మీద తేలుతుంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో ఈ ఊళ్లలో డబ్బు పారింది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఎంతోమంది రైతుల్ని అప్పుల్లోకి దింపింది. 2009లో ప్రభుత్వం అనుమతి ఇచ్చాక వనామీ రొయ్య వచ్చింది. దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం, మన రొయ్యకు పెద్ద గిరాకీ కూడా అమెరికాలోనే. 2025లో అక్కడ సుంకాలు పెంచారని వార్త రాగానే గుంట గట్ల మీద వేరే మాట లేకుండా పోయింది.

మైపాడులో తెల్లవారుజామున ఉండాలి. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచే వస్తాడు. సాయంత్రం పోతే పకోడీ బండ్లు, సెల్ఫీలు తప్ప ఇంకేం లేదు. పర్యాటక శాఖ రిసార్టు ఉంది కనుక ముందు రోజు రాత్రే చేరిపోతే మేలు. వేటకు పోయిన ఫైబర్ బోట్లు తిరిగొచ్చే వేళకు ఒడ్డున ఆడవాళ్లు బుట్టలతో సిద్ధంగా ఉంటారు. చందువ, కానాగంతలు, నెత్తళ్లు ఇసుక మీదే కుప్ప పోసి వేలం పాట పాడతారు. బేరం కళ్లతోనే అయిపోతుంది, బయటివాళ్లకు అంతుచిక్కదు.

అయితే నీళ్లలోకి దిగొద్దు. వదిన చూసొచ్చిన మధ్యధరా చుట్టూ నేల కమ్మేసిన సముద్రం. జిబ్రాల్టర్ దగ్గర సన్నని సందు తప్ప మహాసముద్రంతో పొత్తు లేదు, అందుకని ఆటుపోట్లు అంతంత మాత్రమే. బంగాళాఖాతం అట్లా కాదు. అడ్డం లేని అల నేరుగా ఒడ్డుకొచ్చి పడుతుంది, వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను లాక్కుపోతుంది. ఏటా కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు. పాదాలు తడుపుకుని వచ్చేయండి.

మైపాడు పోయేటప్పుడు దాటే బకింగ్‌హాం కాలువ మీద కారాపి మా వదినకు చూపించాను. ఆకాశం కింద పాచి పట్టిన నీళ్లు. "దీన్ని చూడ్డానికా?" అంది. దీన్నే. 1806లో మద్రాసు ఉత్తరాన చిన్న కాలువగా మొదలైంది, ముక్కలు ముక్కలుగా పైకి పాకింది. 1876–78 కరువులో ఆకలితో వచ్చిన జనానికి కూలి పని చూపించడానికి మద్రాసులో ఇంకో ముక్క తవ్వారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరే కాలువకు నిలిచింది. లారీలు రాకముందు ఈ వైపు ఉప్పు, శ్రీహరికోట అడవి వంటచెరకు పడవల్లో మద్రాసు చేరేవి. వదిన ఫొటోలు దిగొచ్చిన నీస్ సముద్రపు బాట కూడా అట్లాంటిదే. 1820ల మొదట్లో చలికి తాళలేక ఆ ఊరికి చేరిన బిచ్చగాళ్లకు పని కల్పించాలని అక్కడి ఇంగ్లిషువాళ్లు వేయించారు. అది షికారు బాటయింది, మనది సరుకుల బాట. ఆ మాట విన్నాక కాలువ వైపు ఇంకోసారి చూసింది కానీ ఫొటో మాత్రం తియ్యలేదు.

కృష్ణపట్నం సెలవుకు పోయే చోటు కాదు. 2008లో కొత్తగా మొదలైన ఓడరేవు, బొగ్గు, దామోదరం సంజీవయ్య పేరున్న థర్మల్ కేంద్రం, నూనె శుద్ధి కర్మాగారాలు. లారీల వెనక నలిగిపోవడం తప్ప చూసేదేం ఉండదు. దుగరాజపట్నం వేరే సంగతి. 1626లో ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టి, ఆర్మగాన్ అని రాసుకుంది. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన ఇంకో ఇసుక తీరం సంపాదించాడు. అదే మద్రాసయింది, ఆర్మగాన్‌ను వదిలేశారు. కథ తెలిస్తే తప్ప ఆగాలనిపించని ఊరు.

ఆఖరి పూట పులికాట్ సరస్సుకు ఉంచుకోండి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ వైపున్న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, పక్షులకు ఆ సంగతి పట్టదు. దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఈ ఒక్కచోట కారు నీళ్ల పక్కన కాదు, నీళ్ల మధ్యలోనే పోతుంది. వదిన నీస్ ఊసెత్తని గంట ఇదొక్కటే. చలికాలంలో ఫ్లెమింగోలు బారులు తీరి, తల తలకిందులు చేసి ముక్కుతో బురదనీళ్లు వడకట్టుకుంటుంటాయి. ఆ గులాబీ రంగు కూడా తినే తిండి నుంచి వచ్చిందే. కాస్త ఉత్తరాన దొరవారిసత్రం దగ్గర నేలపట్టు, 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువులో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి, చేపలకు పులికాట్ దాకా ఎగిరిపోయి వస్తాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా సందడి, అందులోనూ తుపాన్లు వెనకబడే జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు.

శ్రీహరికోట రోడ్డు చివర సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాకెట్ నుంచి రాలే ముక్కలు నీళ్లలోనే పడతాయి, భూమి తిరిగే వేగం కూడా కలిసొస్తుంది. చంద్రయాన్–3 2023 జులై 14న ఇక్కడి నుంచే లేచింది. 2019లో తెరిచిన గ్యాలరీ నుంచి ప్రయోగం చూడొచ్చు, ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవాలి. వాయిదాలు పడుతుంటాయి, కాబట్టి రాకెట్‌నే నమ్ముకుని రావద్దు.

ఇక తిండి. పచ్చిమామిడి ముక్కలు వేసిన చేపల పులుసు పొద్దున వండి రాత్రికి, లేదంటే మర్నాటికి తినాలి, పులుపు ముక్కలోకి దిగేదప్పుడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లు కదలవు. ఆ రెండు నెలల్లో హోటల్లో మీ విస్తట్లోకి వంజరం ముక్క వస్తే, అది ఎప్పుడు పట్టిందో అడిగి మరీ తినండి.