వంటింటికి ఓ వజ్రపు సాన

వేలు తెగేది పదునైన కత్తితో కాదు, మొద్దు కత్తితోనే. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు ఈ మాటకు నవ్వుతారు. పండిన టమాటా మీద మొద్దుకత్తి పెట్టి చూడండి, దిగదు. బలం పెడతాం, జారుతుంది. అది ఎటు జారుతుందో మన చేతిలో ఉండదు.

మా ఆసిఫాబాద్‌లో వంటింటి కత్తితో పోదు. కత్తిపీట, గొడ్డలి, కొడవలి అన్నిటికీ పదును కావాలి. మా వాడకట్టులో జొన్నకోతకు పోయే వదినెలను అడగండి. కొడవలి మొద్దుబారితే సాయంత్రానికి మణికట్టు లేవదంటారు. అయినా సానపట్టడం మగవాళ్ల పనేనని, ఆయనకు తీరిక దొరికేదాకా మొద్దుకత్తితోనే నెట్టుకొస్తాం. సైకిలు మీద సానచక్రం తెచ్చే ఆయన ఎప్పుడో గానీ కనబడడు.

మనది ఉక్కు తెలిసిన నేల. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు ఇరాన్ వర్తకులు వచ్చేవారు. అంత ఉక్కయినా సాన లేనిదే తెగదు కదా!

ఇప్పుడు బజారులో వజ్రపు సాన దొరుకుతోంది. వజ్రమనగానే కంగారు పడకండి, ఇది నగల వజ్రం కాదు. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కృత్రిమంగా వజ్రాలు తయారుచేసి, 1955లో లోకానికి చెప్పారు. అలాంటి వజ్రపు పొడిని ఉక్కుపలక మీద నికెల్ పూతతో అతికిస్తారు. మామూలు కార్బోరండం రాయి వాడగా వాడగా నడుమ గుంట పడుతుంది. వజ్రపు పలక చదునుగానే ఉంటుంది, నానబెట్టక్కర్లేదు, పనీ తొందరగా అవుతుంది. ధర మాత్రం ఎక్కువే. ఇంట్లో ఉన్నది ఒక్క చిన్న కత్తే అయితే మామూలు రాయి చాలు.

కొనేటప్పుడు ‘గ్రిట్’ నంబరు చూడండి. నంబరు పెరిగేకొద్దీ నునుపు. అంచు విరిగిన కత్తికి, గొడ్డలికి 200 దగ్గరిది. బాగా మొద్దుబారినదానికి 300-400. రోజువారీ కత్తికి 600. చివరి నునుపుకు 1000-1200. ఒక్కటే కొనాలంటే ఒకవైపు 400, మరోవైపు 1000 ఉన్నది మేలు. ఆరంగుళాల కన్నా పొట్టిదైతే కత్తి లాగడం కష్టం. కొడవలి, కత్తిపీటలకు పిడి ఉన్న సన్నటిది తీసుకోండి. వాటిని రాయి మీదికి తేలేం, రాయినే వాటి దగ్గరికి తీసుకుపోవాలి. రంపంలా పళ్లున్న కొడవలికి మాత్రం చదును రాయి పనికిరాదు.

రాయి కింద తడిగుడ్డ పరిస్తే కదలదు. పైన నాలుగు చుక్కల నీళ్లు చాలు. వంటింటి కత్తిని 15 నుంచి 20 డిగ్రీలు, గొడ్డలిని 25 నుంచి 30 డిగ్రీలు వంచాలి. కత్తిని నిలువుగా పట్టుకుని సగం వంచితే 45, అందులో సగం వంచితే దాదాపు 22, ఇంకాస్త వంచితే మనకు కావలసినంత. పిడి దగ్గర నుంచి కొసదాకా ఒకే వంపుతో లాగండి. అవతలివైపు సన్నటి గరుకు తగిలితే ఇవతలి పని అయినట్టే. ఆ గరుకును అంచు వెంబడి కాకుండా అడ్డంగా తడిమి చూడాలి సుమా! తర్వాత రెండోవైపు.

గట్టిగా అదమకండి, వజ్రపు రవ్వలు ఊడిపోతాయి. కొత్త పలక మొదట్లో మరీ గరుకుగా ఉంటుంది, నాలుగైదుసార్లకు సర్దుకుంటుంది. పనయ్యాక కడిగి, తుడిచి ఆరబెట్టండి. కత్తినీ బాగా కడగాలి, ఉక్కు నుసి కూరలో పడకూడదు కదా. పిల్లలకు అందనిచోట పెట్టడం సరేసరి.

పదిహేను రోజులకోసారి పది నిమిషాల పని ఇది. పొద్దున్నుంచి రాత్రిదాకా కత్తి పట్టేది మనమే అయినప్పుడు, దాని పదును కోసం ఇంకొకరి తీరిక దాకా ఎదురుచూడ్డం దేనికి?