సంత దారిలో నిలబడ్డవాడు

పార్వతీపురం మన్యం సంతల్లో ఇప్పుడు ఎవరూ ‘డబ్బులు పంపాను’ అనరు. ‘ఫోన్‌పే కొట్టాను’ అంటారు. కొట్టింది గూగుల్ పే నుంచి కావచ్చు, పేటీఎం నుంచి కావచ్చు, మాట మాత్రం అదే. ఎండుచేపల గంపల మధ్య అట్టముక్కకు అంటించిన స్కానర్, పక్కన గోనెసంచి మీద చిన్న పెట్టె. నలభై రూపాయలు పడ్డాయని ఆ పెట్టె తెలుగులో అరిచిందంటే చాలు, చేపలమ్మే ఆవిడ తలెత్తకుండానే పొట్లం చేతిలో పెడుతుంది. ఆ అరుపు వినకపోతే మాత్రం పొట్లం కదలదు.

ఒక కంపెనీ పేరు జనం నోట్లో క్రియాపదంగా మారిపోయిందంటే ఆ బజారు సగం దాని వశమైనట్టే. 2016లో మొదలైన యూపీఐ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వేసిన బాట అది, అన్ని బ్యాంకుల బళ్లూ దాని మీద నడవొచ్చు. అయినా దేశంలో యూపీఐ లావాదేవీల్లో నూటికి ఎనభైకి పైగా రెండు యాప్‌ల మీదుగానే సాగుతున్నాయి. ఫోన్‌పేలో పెద్ద వాటా అమెరికా వాల్‌మార్ట్‌ది. రెండోది గూగుల్‌ది. ఏ యాప్‌కూ 30 శాతం దాటి వాటా ఉండరాదని ఆ కార్పొరేషన్ 2020లోనే నియమం పెట్టింది. గడువు ఒకసారి జరిగి 2024 చివరికి, మళ్లీ జరిగి 2026 డిసెంబరు 31కి చేరింది. అలవాటు పడిన జనాన్ని ‘నువ్వు ఈ యాప్ వాడకు’ అని చెప్పేదెవరు?

పెద్ద టెక్ కంపెనీల ఆధిపత్యం గురించి రాసేవాళ్లు సాధారణంగా అమెరికా నుంచి మొదలుపెడతారు. నిజానికి మన్యం సంతను చూసినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. కొండ మీది నుంచి తెల్లారగట్ల బయల్దేరిన సవర రైతో, జాతాపు రైతో చింతపండు మూటతో సంతకు చేరేలోపే, ఊరి మొదట్లో మలుపు దగ్గర వ్యాపారి కాపు కాసేవాడు. మూట అక్కడే దిగేది. కాటా అతనిది, ధర అతను చెప్పింది. పైగా నిరుడు తీసుకున్న అప్పు ఒకటి. సంత లోపల ఇంకా పదిమంది కొనేవాళ్లున్నా, సరుకు వాళ్లదాకా వెళ్తేగా! మంచి ధర ఇచ్చేవాడు ఓడిపోవడానికి కారణం అతని ధర కాదు, అతను నిలబడ్డ చోటు.

ఈ గుత్తను విరగ్గొట్టడానికి సర్కారు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ (జీసీసీ)ను పెట్టింది. అది చాలలేదు. భూమి, వెట్టి, షావుకార్ల అప్పు కలిసి అరవయ్యో దశకం చివర్లో శ్రీకాకుళం గిరిజన పోరాటంగా రగిలాయి. అప్పుడు పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. 1979లో ఒక నిబంధన వచ్చింది: ఏజెన్సీలో అటవీ ఉత్పత్తులు కొనే హక్కు జీసీసీకే. గుత్తను విరగ్గొట్టడానికి మరో గుత్తను నిలబెట్టారన్నమాట. జీసీసీ డిపోలో తూకం నికరమైనదేనా, డబ్బు వెంటనే చేతికొచ్చేదా అన్నది వేరే కథ, ఊరికొక రకంగా చెప్తారు.

ఇప్పుడు ఆ మలుపు దగ్గరి వ్యాపారిని అమెరికాలో చూద్దాం. ఐఫోన్ తయారుచేసేది ఆపిల్. దానిలో వెతుకులాటకు సఫారీ తెరిస్తే వచ్చేది గూగుల్. ఆపిల్‌కు గూగుల్ మీద ప్రేమ ఉండి కాదు. ఆ చోటు కోసం గూగుల్ 2022 ఒక్క ఏడాదిలో ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని కోర్టు రికార్డుల్లో బయటపడింది. ఫోన్ తయారీదార్లకు, బ్రౌజర్లకు, నెట్‌వర్క్ కంపెనీలకు కలిపి 2021లో ఇచ్చింది 2,630 కోట్ల డాలర్లు. వాడేవాడు కావాలంటే రెండు మూడు నొక్కుల్లో మార్చుకోవచ్చు. మార్చుకోడు. ఆ బద్ధకానికి గూగుల్ కట్టిన వెల అది.

ఈ సంగతి తెలిసొచ్చిన మనిషి సత్య నాదెళ్ల. ఆయన తండ్రి బుక్కాపురం నాదెళ్ల యుగంధర్, అనంతపురం జిల్లా మనిషి, ఐఏఎస్ అధికారి. తండ్రి బదిలీల వెంట తన చిన్ననాడు శ్రీకాకుళం, తిరుపతి, ముస్సోరీ, ఢిల్లీ, హైదరాబాద్‌ల్లో గడిచిందని నాదెళ్ల తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో రాసుకున్నాడు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకుని, మణిపాల్‌లో ఇంజినీరింగ్ చేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. క్లౌడ్ విభాగానికి పెద్ద కాకముందు ఆయన చూసింది కంపెనీ సెర్చ్ ఇంజిన్ బింగ్ ఇంజినీరింగ్. ఎంత మంచి సరుకు తయారుచేసినా దారిలో గూగుల్ కూర్చుని ఉంటే ఏమవుతుందో ఆయన లోపలి నుంచి చూశాడు.

గూగుల్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన దావాలో 2023 అక్టోబరు 2న నాదెళ్ల సాక్ష్యం చెప్పాడు. జనం పొద్దున లేచి పళ్లు తోముకుని గూగుల్‌లో వెతుకుతారని, ఇంటర్నెట్ అంటే గూగుల్ ఇంటర్నెట్టేనని వాపోయాడు. ఆపిల్ ఒప్పుకుంటే బింగ్ అన్న పేరు దాచేయడానికైనా సిద్ధపడ్డామన్నాడు. ఇంత పెద్ద కంపెనీ అధినేత బోనెక్కి, తమ సరుకు పేరు చెరిపేసుకుంటామనడం మామూలు విషయం కాదు. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా గూగుల్‌ది చట్టవిరుద్ధ గుత్తాధిపత్యమేనని తీర్పిచ్చారు.

ఇక్కడ మైక్రోసాఫ్ట్‌ను చూసి జాలిపడితే మాత్రం పొరపాటే. ఒకప్పుడు ఆ మలుపులో నిలబడింది అదే. తొంభైల్లో విండోస్ లేని కంప్యూటర్ అరుదు. నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ జోరుగా పెరుగుతుంటే, మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో కలిపి ఉచితంగా ఇచ్చింది. కొనేవాడికి వేరేది వెతుక్కునే పనే లేకపోయింది. నెట్‌స్కేప్ కూలిపోయింది. 1998లో ప్రభుత్వం దావా వేసింది, 2000లో జడ్జి కంపెనీని రెండుగా చీల్చమన్నాడు, మరుసటి ఏడాది పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. చివరికి రాజీ.

నెట్‌స్కేప్ గతే తనకూ పడుతుందన్న భయం గూగుల్‌కు బాగా పట్టుకుంది. 2006లో కొత్త ఎక్స్‌ప్లోరర్ వచ్చినప్పుడు వెతుకులాటకు మైక్రోసాఫ్ట్ సొంత సరుకే ముందు కనబడేలా పెట్టారు. గూగుల్ టూల్‌బార్ పని చూస్తున్న ఒక తమిళ కుర్రాడు, మనకంటూ సొంత బ్రౌజర్ ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. 2008లో క్రోమ్ వచ్చింది. ఆ కుర్రాడు సుందర్ పిచాయ్, 2015లో గూగుల్ సీఈఓ అయ్యాడు. ఇవాళ ఒకరిని ఒకరు తరుముకుంటున్న ఈ ఇద్దరు దక్షిణాది వాళ్లూ ఎదిగింది ఒక్క పాఠం మీదే: వెళ్లే దారి ఇంకొకడి చేతిలో ఉంటే ఎంత మంచి సరుకైనా దండగ.

నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న పగ్గాలు చేపట్టేనాటికి ఫోన్ల దారి చేజారిపోయింది. అంతకుముందే కుదుర్చుకున్న నోకియా ఫోన్ల కొనుగోలు ఆయన చేతుల్లో పూర్తయింది, ఏడాది తిరిగేసరికి 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకోవాల్సి వచ్చింది. ఆయన చేసిన తెలివైన పని పోయినదాని కోసం పోట్లాడకపోవడం. వచ్చిన రెండు నెలల్లోపే మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ను ఐప్యాడ్‌లో, అంటే పగవాడి అంగట్లో పెట్టాడు. కంపెనీ ఒకప్పుడు క్యాన్సర్‌తో పోల్చిన లినక్స్‌కు తన క్లౌడ్‌లో పెద్దపీట వేశాడు. 2016లో లింక్డ్‌ఇన్ కొన్నాడు. 2019లో ఓపెన్ఏఐ అనే చిన్న సంస్థలో 100 కోట్ల డాలర్లు పెట్టాడు. ఆయన వచ్చినప్పుడు 30,000 కోట్ల డాలర్లున్న కంపెనీ విలువ 2025 జులైలో 4 లక్షల కోట్ల డాలర్లు తాకింది. అదంతా వినయం ఫలమని పత్రికలు రాస్తుంటాయి. వినయం ఉంది, కాదనలేం. కానీ ఆఫీసుల్లో వర్డ్, ఎక్సెల్ వాడక తప్పని పరిస్థితి అంతకంటే బలమైనది.

2022 నవంబరు 30న ఆ ఓపెన్ఏఐ నుంచే చాట్‌జీపీటీ వచ్చింది. రెండు నెలలు దాటగానే, 2023 ఫిబ్రవరి 7న నాదెళ్ల అదే నేర్పును బింగ్‌లో కలిపి విడుదల చేశాడు. ఒకరోజు ముందు గూగుల్ హడావిడిగా ప్రకటించిన చాట్‌బాట్ బార్డ్, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ గురించి తప్పు చెప్పింది. ఆ పొరపాటు బయటపడిన రోజున గూగుల్ మాతృసంస్థ విలువ సుమారు 10,000 కోట్ల డాలర్లు కరిగింది. అందరూ గూగుల్ పని అయిపోయిందన్నారు. వెతుకులాటలో బింగ్ వాటా మాత్రం అక్కడక్కడే ఉండిపోయింది. మలుపులో ఉన్నవాడు ఒకసారి తూలినా పడడు.

ఈ పోటీ ఇప్పుడు పార్వతీపురానికి దగ్గరకొచ్చింది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఏఐ కేంద్రం కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. డిసెంబరులో మైక్రోసాఫ్ట్ భారతదేశానికి 1,750 కోట్ల డాలర్లు ప్రకటించింది. మర్నాడే అమెజాన్ 3,500 కోట్ల డాలర్లంది, పెళ్లిలో చదివింపుల పోటీ లాగా. విశాఖ కేంద్రం గిగావాట్ స్థాయిది, అంటే 1,000 మెగావాట్ల లెక్క. తూర్పు కనుమల్లోని దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 460 మెగావాట్లు. అలాంటివి రెండు కలిపినా చాలవు. కట్టేటప్పుడు కూలి దొరుకుతుంది, కట్టాక లోపల మనుషులు కొద్దిమందే పడతారు. కరెంటు, నీళ్లు, భూమి ఏ ధరకు ఇస్తున్నామో అడగాల్సిన రోజులివి. ఆ కేంద్రం వద్దనడం మాత్రం తెలివి కాదు. ఆ యంత్రాలు ఎక్కడో ఒకచోట తిరగక మానవు.

మన దగ్గర చట్టం ఏం చేసిందన్నది కూడా చూడాలి. మన దేశంలో స్మార్ట్‌ఫోన్లలో నూటికి తొంభైకి పైగా ఆండ్రాయిడ్‌వే. ఫోన్ తయారీదార్ల మీద తన యాప్‌లన్నీ కట్టగట్టి రుద్దుతోందని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పీలు ట్రైబ్యునల్ 2023 మార్చిలో జరిమానాను నిలబెట్టింది, కొన్ని ఆంక్షలను తీసేసింది. ఆ ఏడాది జనవరిలోనే గూగుల్ దిగొచ్చి, ఇకపై కొత్త ఫోన్ తెరవగానే ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో వాడేవాళ్లనే అడుగుతామని ప్రకటించింది.

కొండ మీది నుంచి దిగిన కుర్రాడు జీడిపిక్కల డబ్బుతో ఫోన్ కొనేది పట్నంలోని సెల్ షాపులో. అట్టపెట్టె కోసేది షాపువాడే. సిమ్ వేసేదీ, భాష ఎంచేదీ, జీమెయిల్ తెరిచేదీ అతనే. ‘నెక్స్ట్’, ‘నెక్స్ట్’, ‘ఒప్పుకుంటున్నాను’ అంటూ అతని బొటనవేలు తెర మీద పరుగెడుతుంటే కుర్రాడు పక్కన నిలబడి చూస్తుంటాడు. ఏది కావాలో ఎంచుకోమనే ఆ తెర వచ్చినా బొటనవేలు ఆగదు. అంతా అయ్యాక ఫోన్ చేతికిస్తూ అడుగుతాడు:

“ఫోన్‌పే కూడా ఎక్కించీమంటావేటి తమ్ముడూ?”