ప్రతి ఇంటా ఉండాల్సిన రేకు డబ్బా

కోతల రోజుల్లో కొడవలి తగిలి వేలు తెగితే చాలా ఇళ్లలో ముందు వెతికేది పాత గుడ్డపేలిక, కాఫీపొడి. వాటితో పుండు చీము పట్టవచ్చు. నెత్తురు ఆగేవరకు శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, తరువాత నీళ్లతో కడిగి కట్టు కట్టాలి.

ఇందుకు మూత బిగువుగా ఉన్న రేకు డబ్బా ఒకటి చాలు. దూది, గాజుగుడ్డ, కట్టుగుడ్డ చుట్ట, కత్తెర, పిన్నీసులు, సబ్బుబిళ్ల, పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంటు, పారాసిటమాల్ బిళ్లలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు అందులో ఉంచాలి. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి 24 గంటల్లో వాడాలి.

ఒళ్లు కాలితే సిరా, టూత్‌పేస్టు పూయరాదు. 20 నిమిషాలు చన్నీళ్లు పోయాలి. కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో కడిగి, అదేరోజు టీకాకు వెళ్లాలి. పాముకాటుకు మాత్రం డబ్బాలో మందు లేదు. కోయడం, తాడు బిగించడం మాని, మనిషిని కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

డబ్బాను పిల్లలకు అందకుండా, పురుగుమందులకు దూరంగా పెట్టాలి. తాళం వేసి చెవి పొలానికి పట్టుకెళ్తే అక్కరకు రాదు. మూత లోపల 108, దగ్గరి ఆసుపత్రి నంబరు రాసి అంటించాలి. ఉగాదికి, దసరాకు గడువు తేదీలు చూసి, అయిపోయినవి తిరిగి నింపుకోవాలి.