180 లైకులు: కొట్టి చూసినవాళ్లు ఎందరు?

2021 చివరి నెలల్లో మహబూబాబాద్ జిల్లా మిర్చి తోటల్లో పువ్వు విప్పి చూస్తే లోపల నల్లటి సన్న పురుగులు కదులుతూ కనిపించేవి. పొడవు ఒక మిల్లీమీటరు. పేరు నల్ల తామర పురుగు, శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021 మొదట్లో గుంటూరు మిర్చిలో కనిపించింది. ఆ ఏడాది వానాకాలం మిర్చి పూతకొచ్చే సరికి తెలంగాణ తోటల మీద పడింది. పూతలో చేరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలబడదు. ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టిన రైతులు దొరికిన మందల్లా కొట్టారు. ఆ చలికాలంలో ఈ జిల్లా నుంచి మిర్చి రైతుల ఆత్మహత్యల వార్తలు వచ్చాయి.

అటువంటి రోజుల్లో రైతు చేతిలో ఉన్నది ఫోన్. ఫేస్‌బుక్ గ్రూపులు, యూట్యూబ్ వీడియోలు. ఎవరో ఒకరు ఫలానా మందు కొడితే పురుగు పోయిందని పెడతారు, దాని కింద లైకులు పడతాయి. లైకులు ఎక్కువ పడ్డ సలహా వైపే చెయ్యి పోతుంది. ఆ అంకె నిజంగా ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవడం మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో మిర్చి, పత్తి వేసే ప్రతి ఇంటికీ అవసరమని నా అభిప్రాయం.

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. వాట్సాప్ గ్రూపులో 2022 నవంబరు నుంచి 1,024 మంది దాకా ఉండొచ్చు. నిండుగా ఉన్న ఒక రైతుల గ్రూపులో పొద్దున ఎవరో మందు పేరు పెట్టారనుకుందాం. సాయంత్రానికి దాని కింద 180 బొటనవేళ్లు పడ్డాయి. చూడడానికి పెద్ద అంకె. గ్రూపులో అది 18 శాతం లోపే. మిగతా 844 మంది చూడనే లేదా, చూసి నమ్మలేదా, కొట్టి నష్టపోయి ఊరుకున్నారా, ఆ అంకెలో ఎక్కడా లేదు. అసలు సంగతి ఇంకొకటి. మందు కొట్టాక ఫలితం తెలియడానికి రోజులు పడుతుంది. లైకులు మాత్రం అదే రోజు పడ్డాయి. అంటే ఆ పోస్టు చదివి, కొట్టి, ఫలితం చూసి లైక్ పెట్టినవాళ్లు ఆ 180లో ఒక్కరూ లేరు. అంతకుముందే ఆ మందు వాడినవాళ్లు కొందరు ఉండొచ్చు, కానీ వాళ్లెవరో బొటనవేలు గుర్తు చూసి పోల్చుకోలేం. వారం తర్వాత ‘నాకు పని చేయలేదన్నా’ అని ఎవరైనా పెడితే, అప్పటికి ముచ్చట వేరే దాని మీదికి పోయి ఉంటుంది. అతనికి రెండో మూడో లైకులు పడితే గొప్ప.

అలాగని లైక్‌ను కొట్టిపారేయడం న్యాయం కాదు. ఫేస్‌బుక్‌లో ఈ బటన్ ఆలోచన 2007లో మొదలై, 2009 ఫిబ్రవరి 9న జనం చేతికి వచ్చింది. జస్టిన్ రోజెన్‌స్టీన్, లియా పెర్ల్‌మన్ వంటివాళ్లు దీని మీద పని చేశారు. ఒకే శుభాకాంక్షను వందమంది వందసార్లు రాస్తే దాని మధ్య అసలు మాట కనబడకుండా పోతుంది, ఆ అనవసరపు వరుసను తగ్గించాలన్నది ఒక ఉద్దేశం. బటన్ వస్తే జనం రాయడం మానేస్తారని కంపెనీ లోపల కొందరు భయపడ్డారు. పరీక్షించి చూస్తే బటన్ ఉన్న పోస్టులకే వ్యాఖ్యలు ఎక్కువొచ్చాయి. వాట్సాప్‌లో సందేశం కిందే గుర్తు పెట్టే వీలు 2022 మేలో ఆరు గుర్తులతో వచ్చింది. ‘ఓకే సార్’, ‘థాంక్యూ అన్నా’ల వరద దానితో ఎంత తగ్గిందో గ్రూపు నడిపే ఏ అడ్మిన్‌ను అడిగినా చెబుతారు.

ఇంకో మేలు ఉంది, దాన్ని నేను అన్నిటికన్నా పెద్దది అంటాను. 2011 జనగణన ప్రకారం తెలంగాణ అక్షరాస్యత 66.54 శాతం. చదవగలిగినవాళ్లలోనూ ఫోన్‌లో తెలుగు టైప్ చేయగలిగేది కొందరే. ఒక మాట రాయలేక, నలుగురిలో మాట్లాడడానికి జంకే ఆడమనిషికైనా, ముసలాయనకైనా బొటనవేలు గుర్తు ‘నేనూ ఉన్నాను, విన్నాను’ అని చెప్పుకొనే దారి ఇచ్చింది.

చిక్కంతా మనసులో మాట చెప్పే గుర్తును రుజువుగా తీసుకున్నప్పుడే. దీని మీద 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ అనే పరిశోధకులు ఒక వార్తల వెబ్‌సైట్‌లో ఐదు నెలల్లో పడిన 1,01,281 వ్యాఖ్యలను తీసుకున్నారు. కొన్నిటికి ఏ కారణమూ లేకుండా, లాటరీ వేసినట్టు, పుట్టగానే ఒక ప్లస్ పెట్టారు. కొన్నిటికి మైనస్ పెట్టారు. మిగతావి అలాగే వదిలేశారు. ప్లస్ పడ్డ వ్యాఖ్యను మొదట చూసినవాళ్లు తామూ ప్లస్ పెట్టే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి వాటి మార్కులు సగటున 25 శాతం ఎక్కువ తేలాయి. వ్యాఖ్యలో సరుకు ఏమీ మారలేదు, మారింది మొదటి వేలు మాత్రమే. ఇందులో నన్ను ఆపిన విషయం ఒకటుంది: అన్యాయంగా పడ్డ మైనస్‌ను తర్వాత వచ్చినవాళ్లు ప్లస్‌లు పెట్టి సరిచేశారు. అన్యాయంగా పడ్డ ప్లస్‌ను ఎవరూ సరిచేయలేదు.

మన గ్రూపులకు ఇది సూటిగా తగులుతుంది. మందు పేరు పెట్టగానే మొదటి నాలుగు వేళ్లు ఎవరివో చూడండి. అమ్మేవాళ్లవి, వాళ్ల మనుషులవి అయితే ఆ తర్వాత పడ్డ 176కు విలువ ఎంత?

2021 మిర్చి సీజన్‌లోనే ఇంకొకటి జరిగింది, కాకతాళీయమే కావచ్చు. 2021 నవంబరు 10న యూట్యూబ్ డిస్‌లైక్‌ల అంకెను జనానికి కనబడకుండా చేస్తున్నట్టు ప్రకటించింది. చిన్న చానళ్ల మీద గుంపుగా వచ్చి డిస్‌లైక్‌లు గుద్దేస్తున్నారని, వాళ్లను కాపాడడానికని కారణం చెప్పింది. ఆ కారణం అబద్ధం కాదు. కానీ పూతలో పురుగు పట్టిన రైతు మందు వీడియో తెరిస్తే, ‘దీన్ని నమ్మకు’ అని ముందుగా చెప్పే ఒకే ఒక్క అంకె అప్పుడే మాయమైంది. అందం చూపే వీడియోకూ, మోతాదు చెప్పే వీడియోకూ ఒకే నియమం పెట్టడం నా దృష్టిలో తప్పు.

కంపెనీలు ఈ గుర్తులను ఎలా లెక్కిస్తాయో కూడా ఒక మాట. ఫేస్‌బుక్ 2016 ఫిబ్రవరిలో లైక్ పక్కన ప్రేమ, నవ్వు, కోపం వంటి గుర్తులు తెచ్చింది. 2017లో ఏ పోస్టును పైకి తేవాలో తేల్చే లెక్కలో వాటికి లైక్ కన్నా ఐదు రెట్లు బరువు ఇచ్చింది, కోపానికి కూడా. కోపం తెప్పించే పోస్టుల్లో అబద్ధాలు ఎక్కువని కంపెనీ లోపలివాళ్లే గమనించారు. 2018లో కోపం బరువు నాలుగుకు తగ్గించి, 2020లో సున్నా చేశారు. ఈ సంగతి 2021 అక్టోబరులో లోపలి పత్రాలు బయటపడితే గానీ మనకు తెలియలేదు.

అంకెకు విలువ దాన్ని లెక్కపెట్టిన పద్ధతి నుంచి వస్తుంది. 2009 అసెంబ్లీ ఎన్నికల్లో జనగామలో పొన్నాల లక్ష్మయ్య 236 ఓట్ల తేడాతో గెలిచారు. 236 చిన్న అంకె. అయినా ఐదేళ్లకు ఎమ్మెల్యేను తేల్చింది, ఎందుకంటే మనిషికి ఒకటే ఓటు, పక్కవాడు ఎవరికి వేశాడో చూసి వేయడం కుదరదు, మొత్తం ఎందరు వేశారో తెలుసు. లైక్‌కు ఈ మూడింటి పూచీ లేదు.

భూపాలపల్లి వైపు చూస్తే ప్రాణాల మీది మాట. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో చిక్కుకుంది, జనం ఇళ్ల పైకప్పులు ఎక్కారు. ఇలాంటి రాత్రి ‘వాగు వస్తోంది, ఖాళీ చేయండి’ అన్న సందేశం కింద పడ్డ బొటనవేలుకు అర్థం ఏమిటి? చూశామనా, బయల్దేరామనా, జాగ్రత్త చెప్పినందుకు మెచ్చుకోలా? పంపినవాళ్లకు తెలియదు. అక్కడ ‘మా ఇంట్లో ఐదుగురం బడికి చేరినం’ అన్న ఒక్క వాక్యం వంద గుర్తుల కన్నా పనికొస్తుంది. వరద హెచ్చరికల గ్రూపుల్లో గుర్తులకు బదులు ఇలా రాయాలనో, వాయిస్ పెట్టాలనో ముందే అనుకోవాలి.

మిర్చిలో కూడా పనికొచ్చే మాట గుర్తుల లెక్కలో కనబడదు. తామర పురుగు మీద మందు మీద మందు కొడితే మిత్ర పురుగులు చచ్చి, తామర పురుగు ఇంకా పెరుగుతుందని శాస్త్రవేత్తలు అప్పుడే హెచ్చరించారు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టమన్నారు. అట్టల పోస్టుకు కొత్త మందు పోస్టుకు పడినన్ని లైకులు పడవు, పురుగు మాత్రం వాటికే అంటుకుంటుంది.

గ్రూపు నడిపేవాళ్లకు, అందులో ఉన్నవాళ్లకు నా మనవి ఇది. మందు పోస్టు కింద వేలు పెట్టే ముందు ఎన్ని ఎకరాలు, పంపుకు ఎన్ని మిల్లీలీటర్లు, కొట్టి ఎన్ని రోజులైందో రాయండి. టైప్ రాకపోతే వాయిస్ పెట్టండి. పని చేయకపోతే అది తప్పకుండా చెప్పండి, అలా చెప్పినవాళ్లకే మొదటి లైక్ కొట్టండి. మందు కొనే ముందు పువ్వులు కోసుకుని మహబూబాబాద్ జిల్లా మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి, లేదా 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్‌కు పైసా ఖర్చు లేదు.