ఇంగ్లీషు రాని పౌరుడు

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోవు దారిలో, కొల్లేటికి ఉత్తరముగా, పెద్ద రహదారి ప్రక్కన ఉన్న గ్రామము గుండుగొలను. పేరులోనే కొలను ఉన్నది. ఈ ప్రాంతపు గ్రామములలో అమెరికాలో బిడ్డలున్న ఇండ్లు నేడు అరుదు కావు. మనుమలను ఎత్తుకొనుటకని వెళ్ళిన తల్లిదండ్రులలో కొందరు ఆరు నెలలకు తిరిగి వత్తురు. కొందరు గ్రీన్ కార్డు తీసికొని అక్కడనే నిలిచిపోవుదురు. అట్టివారి నోట మేము తరచుగా వినుచున్న ప్రశ్న యొకటి కలదు: "ఇంగ్లీషు రానివానికి ఆ దేశపు పౌరసత్వము ఇత్తురా?"

ఇత్తురు, కాని షరతులున్నవి. దరఖాస్తు పెట్టునాటికి 50 ఏండ్లు నిండి, గ్రీన్ కార్డుతో 20 ఏండ్లు అచ్చట నివసించినవారికిని, 55 ఏండ్లు నిండి 15 ఏండ్లు నివసించినవారికిని ఇంగ్లీషు పరీక్ష లేదు. దేశచరిత్ర, ప్రభుత్వవిధానము అను విషయములలో పరీక్ష మాత్రము తప్పదు. దానిని వారు తమ భాషలోనే, దుబాసీ సహాయముతో ఇయ్యవచ్చును. దుబాసీని తామే వెంటబెట్టుకొని పోవలెను. సందర్శకుల వీసాపై పోయి వచ్చిన కాలము ఈ లెక్కలోనికి రాదు. పదునైదేండ్లుగా ఏటేట పోయివచ్చుచున్నాము గదా అని ధైర్యముగా ఉన్నవారు ఈ సంగతిని గమనింపవలెను.

ఈ సౌకర్యము ఒక్కనాడు వచ్చినది కాదు. ఇరువదవ శతాబ్దారంభమున ఇటలీ, పోలెండు, రష్యా దేశముల నుండి లక్షలాది జనులు అమెరికా రేవులలో దిగుచుండిరి. ఇంగ్లీషులో మాటలాడగలిగినవారికే పౌరసత్వమను నిబంధనను 1906 నాటి చట్టము చేర్చినది. దిగిన మరునాడే పని వెదకుకొనవలసినవానికి భాష అబ్బువరకు ఆగు తీరిక యెక్కడిది? ఈ చిక్కును గుర్తించి జాన్ ఫాస్టర్ కార్ అను నతడు 1910లో ఇటాలియను భాషలో ఒక చిన్న మార్గదర్శిని వెలువరించెను. తరువాత అది యూదుల యిద్దిషు భాషలోను వచ్చినది. ఉద్యోగము వెదకుట, డబ్బు భద్రపరచుట, ఆరోగ్యము కాపాడుకొనుట, చట్టములు తెలిసికొనుట, పౌరుడగు విధానము మొదలగునవన్నియు అందు గలవు. ఇంగ్లీషు నేర్చుకొనుమని గట్టిగా చెప్పు పుస్తకమది. ఆ మాటను చదువరి భాషలో చెప్పుటయే దాని విశేషము. అమెరికా విప్లవ వీరుల వంశీయులైన మహిళల సంఘము 1921 నుండి పౌరసత్వ కరదీపికను పెక్కు భాషలలో ముద్రించి ఉచితముగా పంచిపెట్టెను.

అందరును ఇట్లు తలపలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1918లో, అయోవా రాష్ట్రపు గవర్నరు బహిరంగస్థలములలోను, పాఠశాలలలోను, కడకు టెలిఫోనులోను ఇంగ్లీషు తప్ప వేరు భాష వినబడరాదని ప్రకటించెను. చిన్న తరగతుల పిల్లలకు అన్యభాషలు నేర్పరాదని నెబ్రాస్కా రాష్ట్రము 1919లో చేసిన చట్టమును 1923లో సుప్రీంకోర్టు కొట్టివేసినది.

అదే 1923లో అదే కోర్టు భగత్ సింగ్ థింద్ వ్యాజ్యమున, భారతీయులు పౌరసత్వమునకు అర్హులైన "తెల్లవారు" కారని తీర్పు చెప్పెను. మనవారికి అడ్డుపడినది భాష కాదు, జాతి. కొల్లేటికి దూరము కాని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ దేశమున గొప్ప ఔషధ పరిశోధనలు నడపి, 1948లో అచ్చటనే కన్నుమూసిరి. కడవరకు విదేశీయులుగానే ఉండిరి. 1946 జూలైలో చట్టము మారి భారతీయులకు పౌరసత్వార్హత కలిగినను, కొత్తగా ప్రవేశించువారి సంఖ్య ఏటికి 100 మాత్రమే. 1965 నాటి చట్టముతో గాని ద్వారములు విశాలముగా తెరచుకొనలేదు.

మాటలాడుటకు తోడు ఇంగ్లీషు చదువుట, వ్రాయుట కూడ రావలెనని 1950లో నియమము చేసిరి. అప్పటికే 50 ఏండ్లు దాటి, 20 ఏండ్లు నివసించియున్న వృద్ధులకు ఆనాడే మినహాయింపు నిచ్చిరి. 55 ఏండ్లు, 15 ఏండ్లు అను రెండవ మినహాయింపు 1990లో వచ్చినది. మనవారిలో పెక్కుమందికి ఉపకరించునది ఇదియే.

పరీక్ష సంగతి. 2008 నుండి నడచిన పద్ధతిలో 100 ప్రశ్నల పట్టిక కలదు. అధికారి 10 అడుగును, 6 సరిగా చెప్పవలెను. 2025 అక్టోబరు 20 మొదలు దరఖాస్తు పెట్టినవారికి పట్టిక 128 ప్రశ్నలు. 20 అడుగుదురు, 12 చెప్పవలెను. 65 ఏండ్లు నిండి 20 ఏండ్లు నివసించినవారికి మాత్రము 20 ప్రశ్నల చిన్న పట్టిక యున్నది. అందులో 10 అడుగుదురు, 6 చాలును.

ఈ ప్రశ్నలను తెనిగించి వల్లె వేయించుట కష్టము కాదు. అర్థము చెప్పుట కష్టము. గవర్నరనగా మనకు రాష్ట్రపతి నియమించువారు. అమెరికాలో గవర్నరు ప్రజల వోట్లతో గెలిచి రాష్ట్రమును నడపువాడు. మన ముఖ్యమంత్రి పని చాలవరకు అతనిది. ప్రెసిడెంటును "రాష్ట్రపతి" యని తెనిగించినచో వినువాని మనసున మంత్రిమండలి సలహాపై నడచు మన రాష్ట్రపతి మెదలును. అక్కడ ప్రధానమంత్రి యను పదవియే లేదు, ప్రభుత్వాధినేత ప్రెసిడెంటే. పోనీ, ప్రెసిడెంటని ఉన్నది ఉన్నట్లు చెప్పుదమన్న, మన పల్లెలలో ప్రెసిడెంటు గారనగా పంచాయతీ సర్పంచి! "అధ్యక్షుడు" మేలని మా అభిప్రాయము.

సెనేటును రాజ్యసభతో పోల్చుట వాడుక. పోలిక కొంతదూరమే నడచును. మన రాజ్యసభలో స్థానములు ప్రధానముగా జనాభాను బట్టి యుండును. ఆంధ్రప్రదేశమునకు 11, తెలంగాణమునకు 7. సెనేటులో పెద్ద రాష్ట్రమునకైనను, చిన్న రాష్ట్రమునకైనను ఇద్దరే. ఇద్దరే యెందుకని అడిగి తెలిసికొన్న వృద్ధునికి ఆ రాజ్యాంగము వెనుకనున్న బేరసారములు తెలియును; "ఇద్దరు" అని కంఠస్థము చేసినవానికి అంకె మాత్రమే మిగులును. ఇక జూరీ. మన నేరవిచారణ న్యాయస్థానములలో ఆ పద్ధతి ఏనాడో అంతరించినది కనుక మొదటినుండి వివరింపవలెను. ఇందొక చమత్కారము కలదు: తెలుగులో పరీక్ష యిచ్చి పౌరుడైనవాడు వోటు వేయవచ్చును గాని, అక్కడి ఫెడరల్ న్యాయస్థానమున జూరరుగా కూర్చుండవలెనన్న ఇంగ్లీషు వచ్చి తీరవలెను.

కావున ఈ విద్యకు అచ్చుపుస్తకము చాలదు. ప్రశ్న అడిగిన బదులు చెప్పు మనిషి కావలెను. చాలవరకు ఆ భారము కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రపై పడుచున్నది. సభలు, సంబరములు జరుపుకొను మన తెలుగు సంఘములు దీనికి కొన్ని శనివారములను కేటాయించిన బాగుండును.

రేడియో కూడ ఈ పని చేయగలదు. ఆస్ట్రేలియాలో 1975 జూలై 1న ఆరోగ్య భీమా పథకము ప్రారంభము కానుండగా, ఆ సంగతి వలసవచ్చినవారికి వారి భాషలలో తెలుపుటకై జూన్ నెలలో సిడ్నీలోను, మెల్బోర్నులోను చిన్న కేంద్రములు తెరచిరి. అవి మూడు మాసముల ప్రయోగముగా మొదలైనవి, మూతపడలేదు. వాటి నుండి పెరిగిన ప్రసారసంస్థ నేడు తెలుగులో కూడ మాటలాడుచున్నది. మందుల ఖర్చు ఎవరు భరింతురను మాటతో మొదలైనందుననే శ్రోతలు చెవి యొగ్గిరని మా నమ్మకము.

ప్రశ్నలన్నింటికంటె తల్లిభాషలో ముందుగా వినదగినది ప్రమాణపాఠము. పూర్వదేశమునకు చెందిన విధేయతను పూర్తిగా విడనాడుచున్నానని అందు స్పష్టముగా ఉన్నది. అది వట్టి మాట కాదు. 1955 నాటి మన పౌరసత్వ చట్టము ప్రకారము అన్యదేశ పౌరసత్వమును స్వేచ్ఛగా స్వీకరించిన క్షణమున భారత పౌరసత్వము పోవును. ఇంటికి తిరిగివచ్చి పంచాయతీ ఎన్నికలో వోటు వేయుదమన్న కుదరదు. 2005లో వచ్చిన ఓ.సి.ఐ. కార్డుతో వీసా లేకయే రాకపోకలు సాగింపవచ్చును, వోటు లేదు. పూర్వము నుండి ఉన్న పొలమును, వారసత్వముగా వచ్చినదానిని ఉంచుకొనవచ్చును. కొత్తగా వ్యవసాయభూమి కొనరాదు. గట్టు ప్రక్కనున్న అర ఎకరము ఎప్పటికైన కలుపుకొందమని ఆశపడు రైతు ప్రమాణమునకు చేయి యెత్తుటకు పూర్వమే ఈ సంగతిని తెలుగులో, నెమ్మదిగా, రెండుమార్లు వినవలెను. పౌరసత్వము స్వీకరించిన పిదప భారత పాసుపోర్టును మన కాన్సులేటునకు అప్పగించి పరిత్యాగ పత్రము పొందవలెను, ఓ.సి.ఐ. కార్డునకు దరఖాస్తు ఆ తరువాతి మాట.