పులినెక్కిన నవాబు

ఇంగ్లండులో ఎడ్విన్ లాండ్‌సీర్ విక్టోరియా రాణి పెంపుడు కుక్కలను, స్కాట్లండు కొండలలోని దుప్పులను చిత్రించి అపారమైన కీర్తి గడించిన రోజులవి. రాణి ఆయనను 1850లో ‘సర్’ బిరుదుతో సత్కరించింది. దాదాపు అదే సమయంలో ఢిల్లీకి పడమరగా ఉన్న ఝజ్జర్ సంస్థానంలో ఒక విచిత్రమైన చిత్రం రూపుదిద్దుకుంది. నవాబు అబ్దుర్ రహమాన్ ఖాన్ తన తోటలో పెంపుడు పులిని ఎక్కి స్వారీ చేస్తున్నాడు! కళాచరిత్రకారులు ఈ చిత్రాన్ని గులాం అలీ ఖాన్ రచనగా పరిగణిస్తారు.

ఎవరీ గులాం అలీ? 1817లో ఎర్రకోటలోని దివాన్-ఇ-ఖాస్‌ను చిత్రించినప్పుడు, తాను మొగలు వంశానికి తరతరాల సేవకుడినని ఆయన సగర్వంగా సంతకం చేసుకున్నాడు. అయితే ఆ వంశం వద్ద అప్పటికి మిగిలింది పేరు మాత్రమే. 1803లో ఢిల్లీ ఆంగ్లేయుల వశమైంది. పాదుషా కుంఫిణీ ఇచ్చే భరణంతో కాలం గడుపుతున్నాడు. ఖజానా వట్టిపోతే కుంచె ఏ గడప తొక్కాలి?

ఢిల్లీ చిత్రకారులు కొత్త ప్రభువులను ఆశ్రయించారు. సింహాల వేటలో పేరుమోసిన విలియం ఫ్రేజర్, ఆయన సోదరుడు జేమ్స్ కలిసి గులాం అలీ బృందం చేత గ్రామీణుల, సిపాయిల, గుర్రాల వర్తకుల రూపాలు గీయించారు. ఆ చిత్రాల సంపుటి 1979లో ఫ్రేజర్ కుటుంబ పత్రాల మధ్య బయటపడి పండితలోకాన్ని అబ్బురపరిచింది. ఆశ్వికదళాధిపతి కర్నల్ జేమ్స్ స్కిన్నర్ కోసం గులాం అలీ 1827లో దర్బారు దృశ్యాన్ని, 1828లో సేనాసమీక్ష నుండి దళం తిరిగివస్తున్న దృశ్యాన్ని చిత్రించాడు. మొగలు సూక్ష్మచిత్రకళలోని నగిషీ, పాశ్చాత్యుల నీడల లెక్క, దూరాల లెక్క ఈయన చేతిలో పొత్తు కుదుర్చుకున్నాయి.

1837లో సింహాసనమెక్కిన బహదూర్ షా జఫర్‌ను చిత్రించినదీ ఈయనే. ఆపైన ఝజ్జర్ నవాబు ఆదరించాడు. ఆయన చలికాలపు కొలువు చిత్రం 1852 నాటిది. ఐదేళ్లు తిరిగేసరికి తిరుగుబాటు ఆ లోకాన్నంతటినీ తుడిచిపెట్టింది. పులిపై స్వారీ చేసిన నవాబును ఆంగ్లేయులు 1857 డిసెంబరు 23న ఉరితీసి సంస్థానాన్ని స్వాధీనం చేసుకున్నారు. జఫర్‌ను 1858లో రంగూనుకు పంపివేశారు. చిత్రకారులను పోషించిన కొలువులు అంతటితో మూతపడ్డాయి.

లాండ్‌సీర్ మలిచిన కంచు సింహాలు 1867లో లండన్ ట్రఫాల్గర్ కూడలిలో కొలువుతీరాయి. 1873లో ఆయన మరణించినప్పుడు సెయింట్ పాల్ ప్రధానాలయంలో సమాధి చేశారు. గులాం అలీకి అటువంటి గౌరవాలేవీ దక్కలేదు. ఆయన చిత్రాలు సముద్రాలు దాటి చెల్లాచెదరయ్యాయి. చివరకు 2012లో న్యూయార్క్‌లో మలి మొగలుల ఢిల్లీ చిత్రకళపై జరిగిన ప్రదర్శనలో ఆయన పేరు ప్రముఖంగా నిలిచింది. నవాబు పోయాడు, సంస్థానం పోయింది. ఆ పులి మాత్రం కాగితం మీద ఇంకా నడుస్తూనే ఉంది.